పెద్దవాడే పడాలి

కువైట్‌లోని షువైఖ్ గ్యారేజీలో ఇంజన్లు విప్పే అబ్దుల్ ఖుద్దూస్, శుక్రవారం నమాజు కాగానే ఒక జపాన్ ఇంజనీరు దగ్గరికి పరిగెత్తేవాడు. ఆయన ఒక గిడ్డంగిలో పాత పరుపులు పరిచి జుజుత్సు నేర్పేవాడు. తాతల నాటి విద్య అది. ఇప్పటి జూడో పట్లు చాలావరకు అలాంటి పాత బడుల్లో పుట్టినవేననీ, పోటీలు వచ్చాక పట్లు మిగిలి మర్యాదలు పోయాయనీ చెప్పేవాడు. ఆ మర్యాదల్లో ఒకటి ఖుద్దూస్‌కు కొరుకుడు పడలేదు. సాధనలో చిన్నవాడు విసరాలి, పెద్దవాడు పడాలి. గురువే రోజూ నేల కరిచేవాడు; కొత్త పిల్లలొస్తే ఖుద్దూస్ కూడా పడాల్సి వచ్చేది.

"మా రాయచోటిలో అయితే ఇట్లాటోణ్ని ఉస్తాదనరు" అని గదిలో నవ్వేవాడు ఖుద్దూస్.

ఇరాక్ సైన్యం వచ్చిన నెలలోనే ఇంజనీరును ఎక్కడికో తీసుకుపోయారు. గ్యారేజీ మూతపడింది. వాళ్లుండే అబ్బాసియాలో రొట్టె కరువైంది. చివరికి జోర్డాన్‌లోని అమ్మాన్ వెళ్లే బస్సులో ఖుద్దూస్‌కూ, గదిలో తోడుండే రామాంజులుకూ చోటు దొరికింది. రామాంజులుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వాణ్ని ప్రాణాలతో ఇంటికి చేర్చాలి, ఖుద్దూస్‌కు అదొక్కటే పట్టింది.

బస్రా దారిలో బస్సు ఆపి అందరినీ దించారు. ఒక సైనికుడు రామాంజులు వాచీ లాక్కున్నాడు.

"మా నాయనది రా అది!" అంటూ వీడు తెలుగులోనే ఎగబడ్డాడు.

ఖుద్దూస్ మధ్యలో దూరాడు. సైనికుడు ఆయన కాలరు పట్టాడు. మీసం సరిగా రాని మొహం. మణికట్టు తిప్పితే చాలు, తుపాకీతో సహా కూలతాడు. ఖుద్దూస్ చెయ్యి లేచింది కూడా.

అంతలో ఆయనే పడ్డాడు. పడుతూ, సాధనలో చేసినట్టే, అరచేత్తో నేలను చరిచాడు. తారు మీద అది ఫెళ్లున మోగింది. తుపాకులన్నీ ఇటు తిరిగాయి. వెల్లకిలా పడ్డ మనిషిని చూసి ఒకడు పగలబడి నవ్వాడు, తక్కినవాళ్లూ నవ్వారు. కాలరు పట్టినవాడు మాత్రం తన చేతినే చూసుకున్నాడు.

"యల్లా, యల్లా!" అని అందరినీ ఎక్కించి బస్సును తరిమేశారు. వాచీ వాళ్లకే పోయింది.

"వాడు నూకెనా, నువ్వే పడితివా?" రామాంజులు అడిగాడు.

"తెలీదురా."

"తెలీకపోయేదేందన్నా! ఇన్నేండ్లు జపానోని దగ్గర నేర్చింది పడేదానికా?"

"భయపడినానేమో."

"భయపడినోడు చెయ్యెందుకు లేపె?"

రామాంజులు తువ్వాలుతో ఖుద్దూస్ మోచేతి నెత్తురు తుడుస్తూ తిడుతూనే ఉన్నాడు.

చనిపోయేదాకా ఖుద్దూస్ ఒకరోజు భయమనేవాడు, ఒకరోజు అలవాటనేవాడు. రామాంజులు బతికి ఊరు చేరాడు కదా అని ఎవరన్నా అంటే, "అది సరే గానీ..." అని ఆగిపోయేవాడు.