కాన్పుల గదిలో వదినగారు

మా డాక్టరమ్మకి ఒకటే పిచ్చి. కాన్పుకొచ్చినవాళ్ల గర్భసంచితో మాట్లాడుతుంది. అదీ వరస కలిపి మరీ. పొట్ట మీద అరచెయ్యి పెట్టి, "ఏం వదినగారూ, ఇంకా నిద్రేనా?" అని పలకరిస్తుంది.

నేను అక్కడ నర్సుని. చేరిన కొత్తలో వదినగారంటే చుట్టాలావిడ కాబోలనుకుని కుర్చీ కూడా వేశాను.

నొప్పులు మందగిస్తే, "వదినగారికి ఇంకాస్త పెంచమ్మా" అంటుంది. సెలైన్‌లో నొప్పుల మందు పెంచమని. తెరిపి లేకుండా వస్తే, "ఆవిడకి కోపమొచ్చింది, మందు ఆపు. బిడ్డకి ఊపిరాడొద్దూ?" అంటుంది. నెలలు నిండకుండానే మొదలైతే, "ఏమిటా తొందర వదినగారూ?" అని నొప్పులు ఆగే మాత్ర వేయిస్తుంది.

ఒకరోజు తొలికాన్పుకి ఓ అమ్మాయి వచ్చింది, అత్తగారితో. నొప్పులు వస్తున్నాయి, పోతున్నాయి. అత్తగారి నోరు మాత్రం ఆగదు.

"ఇంటిపని చేతకాదు సరే, నొప్పులు పడటం కూడా చేతకాదా? ఆ మందేదో గబగబా ఎక్కించండి!"

అమ్మాయి కళ్లనిండా నీళ్లు.

"మీ కోడలి తప్పేం లేదండీ," అంది డాక్టరమ్మ. "మొండితనమంతా వదినగారిది. తిడితే ఆవిణ్ణే తిట్టండి."

అత్తగారు తెల్లబోయింది. తిట్టడం అలవాటే కానీ, మొహం లేనివాళ్లనెప్పుడూ తిట్టలేదు పాపం.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. హమ్మయ్య అనుకునేలోగా రక్తం ధారకట్టింది. బిడ్డ బయటపడగానే బిగుసుకోవాల్సిన గర్భసంచి మెత్తగా పిండిముద్దలా పడి ఉంది. అమ్మాయి పెదాలు పాలిపోయాయి. డాక్టరమ్మ ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ చేయిస్తూ, పొట్ట గట్టిగా మర్దన చేస్తూ, "వదినా, ఇదా పడుకునే టైము? లే!" అని గదమాయించింది.

నా వెనక నుంచి ఏడుపు గొంతు. అత్తగారు!

"వదినగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను, మా పిల్లనేం చెయ్యకండి!"

వదినగారికి కాళ్లుండవని చెప్పే తీరిక ఎవరికీ లేదు.

కాసేపటికి ఆ అరచేతి కింద గర్భసంచి గట్టిపడింది. రక్తం తగ్గింది. "మేలుకున్నారు," అంది డాక్టరమ్మ.

తర్వాత నేనడిగాను, "ఎందుకమ్మా మీకీ వరసలు?"

"తిట్టడానికి అందరికీ ఎవరో ఒకరు కావాలే. మంచం మీద పిల్లని వదిలేస్తారని ఇంకొకర్ని చూపిస్తున్నా."

ఇంటికెళ్లేరోజు అత్తగారు గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "వదినగారు మాతోనే వస్తున్నారుగా, ఎలా చూసుకోవాలి?"

డాక్టరమ్మ నవ్వలేదు. "బాగా అలిసిపోయారు. మీ కోడలికి పని చెప్పారో, ఆవిడకి మళ్లీ కోపమొస్తుంది."

"అయ్యో, చీపురు ముట్టుకోనిస్తానా!"

మనవరాలిని ఎత్తుకుని, కోడలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ ఒకటే హెచ్చరిక:

"మెల్లిగా తల్లీ, వదినగారికి కుదుపు తగుల్తుంది!"