లారీ వస్తే ఆగే పాట

1978 ఫిబ్రవరి, ఆదివారం సాయంత్రం, కద్మా. మా అమ్మాయి పెళ్లి ఊరేగింపు. ఉన్నవారు: నేను, నా భార్య, వియ్యంకుడు, పెళ్లికొడుకు, క్లారినెట్‌తో మా పక్కింటాయన.

ఆయన మిలిటరీ బ్యాండులో చేసి వచ్చాడు. యుద్ధంలో సరిహద్దు దగ్గర జవాన్లకు పాటలు వాయించేవాడు. జుగ్సలాయి నుంచి రావాల్సిన మేళం రాకపోవడంతో ఆయన్ని బతిమాలుకున్నాను. తీరా దారిలో లారీ వచ్చినప్పుడల్లా పాట ఆపి, క్లారినెట్ కింద పెట్టి, చేతులు చాచి నిలబడ్డాడు. నాలుగుసార్లు.

"ఇదేం మర్యాద బావగారూ? మేము వెనక్కి పోతాం," అన్నాడు వియ్యంకుడు.

"ఏటి బాబూ ఇది? నా పరువు తీసేత్తన్నావు," అన్నాను పక్కింటాయనతో.

"బండొచ్చింది గదా. దెబ్బలు తగిలినోళ్లని దింపాల. అక్కడ స్ట్రెచర్లు మోసేది బ్యాండోళ్లమే."

"ఇక్కడ దెబ్బ తగిలింది నాకే. వాయించు."

ఎలాగో ముహూర్తానికి చేరాం.

మర్నాడు పొద్దున్న అప్పగింతలు. సారె పెట్టె ఎక్కించడానికి లారీ వచ్చింది. పిలవకుండానే ఆయన ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస నాది.

"వంచకండి. కుదుపు తగలకూడదు," అని దారంతా కసిరాడు. లోపల ఉన్నవి ఇత్తడి బిందెలని ఎన్నిసార్లు చెప్పినా వినడే.

లారీలో పెట్టాక, మూత మీద మెల్లగా తట్టాడు.

"భయం నేదు నాన్నా. ఇంటికే ఎల్తన్నావు."