హుక్కుల్లేని రాణి జాకెట్

లగ్గం టైముకు పెండ్లిపిల్లను ఆమె జాకెట్లనే బందీ చేసిన మనిషిని మీరెప్పుడన్న చూసిండ్రా? చూడకపోతే నన్ను చూడుండ్రి.

జనగామల కుట్టు దుకాణం పెట్టిన కొత్తల నాకు పని తక్కువ, సీరియల్ పిచ్చి ఎక్కువ. ఫోన్‌ను మిషన్‌కు ఆనిచ్చి చూసుకుంట కుట్టేదాన్ని. ఆ సీరియల్ల, పట్నంల ఆఫీసుకు పోయే పిల్ల ఒకనాడు పాతకాలపు కోటల పోయి పడ్తది, రాజు ఆమె మీద మనసు పడ్తడు. ఆ రాజు ప్రేమగ చూసిండంటే నా మిషన్ ఆగిపోయేది. నన్నే చూసినట్టుండేది మరి, ఏం చేయాలె.

పక్కింటి రజితకు గూడ అదే పిచ్చి. దానికి భూపాలపల్లి పిలగానితోని లగ్గం కుదిరింది. సీరియల్ల పిల్ల తొడిగిన రాణి జాకెట్టే కావాలెనని పట్టుబట్టింది. నేను ఫోన్ ఆపి ఆపి చూసిన. మెడదాక మూసిన గల్లా, ముందట హుక్కుల్లేవు, ఎనుక హుక్కుల్లేవు. పాతకాలం రాణులకు హుక్కులెక్కడియి అనుకొని ఎటు దిక్కు తెరుపు ఇడ్వకుండ కుట్టిన. తలకాయ ఎట్ల దూరుతదన్న ఆలోచనే రాలే.

ముందే ఇస్తే తొడిగి చూసుకునేది. సీరియల్ల చూడని భాగాలు మిగిలినయని ఆలస్యం చేసి, లగ్గం పొద్దుననే తీస్కపోయిన.

రజిత చేతులెత్తి తొడిగింది. జాకెట్ నెత్తి మీద ఆగింది. కిందికి దిగదు, మీదికి రాదు. బయట పంతులు పిల్లను తీస్కరమ్మంటున్నడు. ఆ చీరె మీదికి ఇంకో జాకెట్ లేదు. నా వల్ల లగ్గం ఆగుతదని కిందికి గుంజిన, మీదికి గుంజిన.

"అక్కా, ఊపిరాడ్తలేదు" అన్నది లోపలి నుంచి.

కత్తెర తీసి ఎనుక నిలువుగ కోసిన. వీపు కోస్తనేమోనని భయం. రజిత మొఖం బయటపడ్డది, కాటుక గదువదాక కారింది. సూదిల దారం ఎక్కిచ్చి, ఒంటి మీదనే కుట్టిన. పంతులు మూడోసారి పిలిచేటాలకు ముడి ఏసిన.

లగ్గం మంచిగనే అయింది. ఎనుక ఒక్క హుక్కు కనపడ్తలేదు, ఎట్ల కుట్టినవని ఆడోళ్లంత అడిగిండ్రు. నేను రాణి లెక్క నవ్విన.

అప్పగింతలై రజిత భూపాలపల్లి పోయింది. నేను కాళ్లు సాపుకొని సీరియల్ పెట్టుకున్ననో లేదో ఫోన్ మోగింది. రజితనే, గుసగుసగ మాట్లాడుతున్నది.

"అక్కా, గిది ఎట్ల ఇప్పాలె? మా అత్తను కత్తెర అడగాల్నా?"

నా కుట్టు మిషన్ మీద ఒట్టు. రాజు ఎంత ప్రేమగ చూసినా సరే, ఆ రాణి జాకెట్ ఎట్ల ఇప్పుకుంటదో సీరియల్ల చూపిచ్చేదాక నేను గసొంటిది మల్ల కుట్ట.