పాస్ అనే మాట, రహీం సారు కుంచె

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. పొద్దున కోడలు చీరలకు గంజి కాస్తుంటే ఆ వాసనకు కోస్గిలో మాకు ఇంగ్లీషు చెప్పిన రహీం సారు గుర్తుకొచ్చారు. బక్కపలచటి మనిషి, గుబురు గడ్డం, తెల్లటి షేర్వాణీ. పాఠం కన్నా మాటల పుట్టుక చెప్పడమే ఆయనకు ఇష్టం. ఒకనాడు బోర్డు మీద 'పాస్' అని రాసి, "గిది యాడికెల్లి వచ్చిందో ఎరుకేనా? ఎన్కట రోము దిక్కు అడుగును గట్ల అంటుండిరి. అడుగేస్తే దాటుతవు గద. వాగు దాటినా పాసే, దినాలు గడిచినా పాసే, పక్కోనికి చెంబు అందిచ్చినా పాసే" అన్నారు. "మరి మగ్గం మీద దారం మోసే నాడె ఇటుకెల్లి అటు పోతే సారూ?" అన్నాను. "అదీ పాసే! మీ బాపు దినాం వెయ్యిసార్లు పాసైతడు" అన్నారు. అందరం నవ్వాం.

ఏడో తరగతి పరీక్ష రోజునే మా పడుగు వీధిలో చాపారు. మగ్గానికి ఎక్కించే ఆ దారాలకు గంజి పట్టించి, ఆరేలోగా కుంచెతో దువ్వకపోతే అతుక్కుపోతాయి. నెల కూడు పోతుంది. అమ్మకు జ్వరం, ఆమె చోటు నాది. సారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

"పిల్లను పరీక్షకు తోలు, మల్లయ్యా."

"ఎట్ల తోల్త సారూ? కుంచె ఎవరు పడ్తరు?" అన్నాడు బాపు.

"నేను పడ్త."

నేను వీధి మలుపు దాటకముందే బాపు కేక వినిపించింది. "ఓ సారూ, ఎదురు దువ్వకు!" వెనక్కి పరుగెత్తాను. దారాలు గుత్తులుగా తెగి వేలాడుతున్నాయి. తెగినవన్నీ ముడేసేసరికి బడిగంట కొట్టేశారు, ఆ ఏడు నా పరీక్ష పోయింది. "తప్పు నాది బిడ్డా" అన్నారు సారు, అంతే.

ఆ తర్వాత మా వీధిలో ఎవరి పడుగు చాపినా తెల్లవారేసరికి ఆయన వచ్చేవారు. "గడ్డం దువ్వుకున్నట్టు కాదు సారూ, దారం దువ్వుడు!" అని మా మేనత్త ఆటపట్టించేది. ఆయన నవ్వి, చేయి మార్చుకుని మళ్ళీ మొదలుపెట్టేవారు. మరుసటి ఏడు పరీక్షల్లోనూ మా పడుగు పడింది. బాపు ఆయన చేతినే కాసేపు చూసి, "పో బిడ్డా, సారు చెయ్యి కుదిరింది" అన్నాడు.

వెళ్ళి రాశాను. ఇంగ్లీషు గట్టెక్కింది, లెక్కలు తప్పాయి. నా చదువు అక్కడికే. కానీ ఒకరి పని మీదేసుకునే ముందు దాన్ని నేర్చుకోవాలని ఆయన్ని చూశాకే తెలిసింది. కోడలు ఉద్యోగ పరీక్షకు చదువుతానన్నప్పుడు, నెల ముందే ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని తొక్కడం నేర్చుకున్నాను. మీ ఇంట్లోనూ అలా చెయ్యి అందించేవాళ్ళు ఎప్పుడూ ఉండాలి. మీ ఇల్లు, మీ పిల్లలు చల్లగా ఉండాలి.