చెల్లె గీసిన గొర్లు

మా చెల్లె మాట్లాడేది కాదు. నాలుగేళ్లు దాటినా, పిలిస్తే తిరిగి చూసేది కాదు. చెవులు వినపడవేమోనని నాయిన నల్లగొండ దవాఖానకు తీసుకుపోతే, చెవులు మంచిగనే ఉన్నాయని చెప్పి పంపించారు. నిజమే, వినపడేది. పొలాల అవతల హైవే మీద లారీ హారన్ కొడితే మా అందరికంటే ముందే రెండు చేతులతో చెవులు మూసుకునేది. ఆటిజం అనే మాట మా ఇంటికి చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అప్పటికి మాకు తెలిసిందల్లా, ఆ పిల్ల మా మధ్యే తిరుగుతూ ఇంకెక్కడో ఉంటుందని.

మాది చిట్యాల దగ్గర ఊరు. నాయిన గొర్లు కాసేవాడు, అమ్మ నాట్లకూ కోతలకూ పోయేది. బడి నుంచి వచ్చాక చెల్లెను చూసుకోవడం నా పని. కష్టమేమీ ఉండేది కాదు. ఇంటి ముందు నల్లబండలు పరిచి ఉండేవి. చెల్లె నీళ్ల గోళెంలో వేలు ముంచి ఆ బండల మీద నీళ్లతో గీతలు గీసేది. ఎండకు బండ కాగి ఉండేదేమో, గీత చివరికి వచ్చేసరికి మొదలు ఆరిపోయేది. అది మాయమవుతుంటే చూస్తూ కూర్చునేది. మళ్లీ వేలు ముంచేది. పక్కన కూర్చున్న నాకు కూడా ఏదో మత్తు కమ్మినట్టుండేది. నీడ గోడెక్కేదాకా పొద్దు వాలిందనే తెలిసేది కాదు.

పక్కింట్లో ఒక ముస్లిం ఆమె బట్టలు కుట్టేది. నేను ఆమెను ఖాలా, అంటే చిన్నమ్మా అని పిలిచేదాన్ని. ఆమె మిషన్ తొక్కుతుంటే చెల్లె పక్కనే నేలకు చెంప ఆనించి పడుకునేది. హారన్‌కు చెవులు మూసుకునే పిల్లకు ఆ చప్పుడంటే ఎందుకో ఇష్టం. ఒకరోజు ఖాలా బట్ట మీద గుర్తులు పెట్టే సుద్దబిళ్ల కింద పడింది. చెల్లె దాన్ని తీసుకుని, కత్తిరించడానికి పరిచి ఉన్న నల్లబట్ట మీద ఒక గీత గీసింది. గీసి ఆగింది. ఆ గీత ఆరిపోలేదు. చాలాసేపు ఎదురుచూసింది. అయినా పోలేదు. అప్పుడు దాని పక్కన ఇంకొకటి గీసింది.

నేను గుంజుకోబోతే ఖాలా ఆపింది.

"ఉండనీ బిడ్డా, ఫికర్ జెయ్యకు. దులిపితే పోతది."

తర్వాత ఆ బిళ్లను చెల్లె గుప్పిట్లోనే ఉంచి, "దీన్ని తీస్కపోనియ్యి. నా తాన ఇంకోటున్నది" అంది.

ఆ రోజు నుంచి మా బండల నిండా గీతలు. అన్నీ నిలువుగా, పొట్టిగా ఉండేవి. మధ్యలో కొంచెం వంగి, కింద చీలి ఉండేవి. బొమ్మని ఎవరూ అనుకోలేదు.

"గివేం గీతలే? వాన పడ్డట్టున్నది" అంది నాయిన తల్లి, మా అవ్వ.

"పొద్దంత గదే పని" అని అమ్మ వాటిని తుడవకుండా దాటి లోపలికి పోయింది.

ఒక సాయంత్రం, గొర్లు ఇంటికొచ్చే వేళ, నా కాలిలో ముల్లు దిగింది. తీసుకుందామని గడప దగ్గర చెల్లె పక్కనే కూలబడ్డాను. అప్పుడే మంద వచ్చింది. రోజూ నిలబడి చూసే మందే. కింద కూర్చుంటే మాత్రం వేరే మంద. దుబ్బ లేచి వీపులనూ ముఖాలనూ కప్పేసింది. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. వాటి సందుల్లోంచి ఎర్రటి పొద్దు కదిలి కదిలి వస్తోంది. అరుపులు కూడా ఎక్కడో పైనుంచి వినిపిస్తున్నట్టున్నాయి. చెల్లె కన్నార్పకుండా చూస్తోంది.

నేను బండ వైపు చూశాను. వంగినవి మోకాళ్లు. చీలినవి గిట్టలు.

"నాయినా, గివి గొర్లు! చెల్లె మన గొర్లను గీసింది!" అని అరిచాను.

నాయిన కర్ర పక్కన పెట్టి బండ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నేలకు ఆనకుండా పైకి లేచి ఉన్న ఒక కాలి మీద వేలు పెట్టాడు.

"గిది మన కుంటిది" అన్నాడు. "గొర్లను నేను రోజు ఎనకంగ వొయ్యి చూస్త. గిట్ల కిందికెల్లి ఎన్నడు చూడలే."

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "గిన్ని దినాలు నా బిడ్డ ఎటు చూస్తాందో అనుకున్న. గీడనే చూస్తాంది" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెల్లె మాత్రం మా వైపు చూడలేదు. దుబ్బ ఇంకా పూర్తిగా అణగలేదు, దాన్నే చూస్తూ ఉంది.

మాటలు చాలా ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవీ కొన్నే. బొమ్మలు మాత్రం ఆగలేదు. గీసినవాటిని వాన కడిగేస్తే ఏడుస్తుందని భయపడ్డాం. ఏడవలేదు. తెల్లటి నీళ్లు బండల మీంచి జారిపోతుంటే సంతోషంగా చూసింది.

ఆ వానాకాలంలోనే ఒకరోజు నా మణికట్టు పట్టి లాగింది. తలుపు తియ్యాలన్నా నీళ్లు కావాలన్నా మా చేతులను అట్లా పట్టుకుపోవడం దానికి అలవాటు. దాహమవుతుందేమో అనుకున్నాను. నా అరచేతిని బండ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీయసాగింది. తాకితేనే ముడుచుకునే పిల్ల నా ఒక్కో వేలి సందులోకి పోయి వస్తోంది. చక్కిలిగింతలకు నవ్వొచ్చింది కానీ చెయ్యి కదపలేదు. నా తర్వాత అమ్మను పట్టుకొచ్చింది. గుమ్మంలో కూర్చున్న అవ్వనూ లేపింది.

"నన్నేడికి గుంజుతున్నవే పిల్లా" అని గొణుగుతూనే అవ్వ వంగి చెయ్యి పెట్టింది.

మూడు చేతులూ వరసగా ఉన్నాయి. చెల్లె వాటి పక్కన ఖాళీ జాగాలో తన ఎడమ చెయ్యి ఆనించింది. సుద్ద నా గుప్పిట్లో పెట్టి, కళ్లు దించుకుని, కదలకుండా కూర్చుంది. నేను తన చిటికెన వేలి దగ్గర మొదలుపెట్టాను. తొందరగా అయిపోకూడదని ఎంతో నెమ్మదిగా గీశాను.