మంజీర ఒడ్డున గంట నడక

ఆ రోజుల్లో నాకు కాళ్ళకంటే నోరే ఎక్కువ నడిచేది. యాభై దాటాక రెండూ అలిసిపోయాయి. ఇప్పుడు బాన్సువాడ బస్టాండు నుంచి ఇంటికి రావడానికి ఆటో కోసం చూస్తాను, అబద్ధమాడే ముందు కాసేపు కూర్చుంటాను. ఇరవై నాలుగేళ్ళప్పుడు అలా కాదు. మాట ముందు పోయేది, నేను వెనకాల రొప్పుకుంటూ పోయేవాణ్ణి. అలా పోయిన ఒక ఎండాకాలపు పగటి కథ ఇది. (నా కథల్లో ఇదొక్కటి నిజం. అరికాలి మీద మచ్చ ఉంది, అడిగితే చూపిస్తాను.)

పిల్లను చూడటానికి అన్న మోటారు బండి మీద బీర్కూర్ అవతల మంజీర ఒడ్డునున్న ఒక పల్లెకు వెళ్ళాం. మా ఊరు దానికి దిగువన, అదే నది పక్కన. పిల్ల నాకు చూడగానే నచ్చింది. ఆమె నన్ను చూసిందో లేదో తెలియలేదు, తల వంచుకునే ఉంది. ఆ ఇంట్లో చెల్లేది ఆమె నానమ్మ మాట. అందరికీ అవ్వ. అంతకుముందు వచ్చిన పెళ్ళికొడుకు లేని ట్రాక్టరు ఉందని చెబితే, చాయ్ కూడా తాగనివ్వకుండా లేపి పంపిందట. అన్న ఆ సంగతి దారిలోనే చెప్పి, "నువ్వు నోరు మూస్కోని కూసో తమ్మీ. గంతే నీ పని" అన్నాడు. కూర్చున్నాను. అవ్వ అడిగింది, "ఎట్లొచ్చిన్రు బిడ్డా?" అని. అంతే, నోరు బయల్దేరింది. "అన్న బండి మీద వచ్చిండు అవ్వా. నేను నడుసుకుంటనే వచ్చిన. నది ఒడ్డు పట్టుకుంటె గంట నడక. నాకు రోజూ అలవాటే."

అన్న సాసర్‌లోని చాయ్‌లోకి చూస్తూ ఉండిపోయాడు. అవ్వ మాత్రం కొంగు దోపుకుని లేచింది. "మంచిగైంది. మీ ఊర్ల మా చెల్లె ఉన్నది. బస్సుల కూసుంటె నడుం ఇరుగుతది. నీతోనే నడిసొస్త, పా."

అన్న బండి ఎక్కి నావైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయాడు. అవ్వ బట్టల మూట నా భుజానికి ఎక్కింది. నేను ఆ ఒడ్డున అంతకుముందు అడుగు పెట్టి ఎరుగను. అయినా నది మా ఊరికి పోతుంది కాబట్టి, దాన్ని ఎడమచేతి వైపు పెట్టుకుని నడిస్తే మేమూ పోతాం, ఇందులో తెలియనిదేముంది అనుకున్నాను. నది మా ఊరికి పోయే మాట నిజమే. కానీ దానికి తొందర లేదు. ఎద్దు నడుస్తూ ఉచ్చ పోసినట్టు వంకర్లు తిరుగుతుంది.

ఒక బండ కనబడితే, "రోజూ గీడ కూసుంట అవ్వా" అన్నాను. వల విసురుతున్న ముసలాయన్ని చూసి, "ఏం కాకా, మంచిగున్నవా?" అని పలకరించాను. ఆయన వల వదిలి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "మంచిగనే ఉన్న. ఎవరి పిలగానివి బిడ్డా నువ్వు?" అన్నాడు. "కాకకు సూపు ఆనుతలేదు" అన్నాను. అవ్వ ఊఁ కొట్టింది. కొంచెం దూరం పోగానే ఆమె చెప్పు తెగింది. నా కొత్త చెప్పులు విప్పి ఆమె ముందు పెట్టాను. "మరి నీకు?" "నేను రోజూ ఒట్టి కాళ్ళతోనే నడుస్త." పెనం మీది రొట్టెలా కాళ్ళు మారుస్తూ ఇంకో గంట నడిచాను. నాలుక పిడచగట్టింది. అప్పుడు చెట్ల మీదుగా నీళ్ళ ట్యాంకు కనిపించింది. ఏడుపొక్కటే తక్కువ. "అగో, మా ఊరొచ్చింది" అన్నాను.

గడ్డివాము దాటాం. మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తున్న పిల్ల తలెత్తి, "అవ్వా, ఏమన్న మర్శినవా?" అంది.

అదే ఇల్లు. నది ఆ ఊరిని చుట్టి వంపు తిరిగింది; దాని వెంట రెండు గంటలు నడిచి ఊరికి ఈ పక్క నుంచి ఆ పక్కకు వచ్చాం. చాయ్ తాగనివ్వని ఇంట్లోంచి నన్నెలా పంపిస్తారో ఊహించుకుంటూ నిలబడ్డాను. అవ్వ తొణకలేదు. "ఆఁ, ఆకుల సంచి మర్శిన" అంది. తమలపాకుల సంచి ఆమె నడుముకే వేలాడుతోంది. పిల్ల దాన్ని చూసింది, తర్వాత నా కాళ్ళను చూసింది, తర్వాత మొదటిసారి నన్ను చూసింది.

ఈసారి అవ్వ ముందు నడిచింది, వరి మళ్ళ గట్ల మీదుగా. సగం దారిలో నా వల్ల కాలేదు. "అవ్వా, నేను గూడ బండి మీదనే వచ్చిన" అన్నాను.

"ఎర్కే. ఇంట్లకు వచ్చినప్పుడే నీ కాళ్ళు చూసిన. నడిసొచ్చిన కాళ్ళు గంత సాఫుగుంటయా?"

"మరి ముందుగాలనే అనొచ్చు గద. గింత దూరం తిరిగితిమి."

"ఎంత దూరం మోస్తవో చూద్దామనుకున్న. ఆ ట్రాక్టరోడు వాని అబద్ధం మా మీద వేద్దామని వచ్చిండు. నువ్వు నీది నువ్వే మోసుకున్నవ్, నా మూట గూడ మోసినవ్. ఇగ చాలు, నీ చెప్పులు నువ్వే తొడుక్కో." అవ్వ మిగతా దారంతా ఒట్టి కాళ్ళతో నాకంటే ముందే నడిచింది. అరగంటలో మా ఊరు వచ్చింది.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. డాక్టరు నడవమన్నాడు కాబట్టి, మొన్న ఇద్దరం మా ఆవిడ పుట్టింటికి పోయినప్పుడు తెల్లవారే లేచి ఆ వంపంతా నిజంగానే నడిచాను. మూడుచోట్ల కూర్చున్నాను, ఒకచోట లేవలేనేమో అనుకున్నాను. కాళ్ళీడ్చుకుంటూ గడ్డివాము దాటేసరికి మా ఆవిడ మిద్దె మీది నుంచి, "ఏమన్న మర్శినవా?" అంది. "నది ఒడ్డంతా తిరిగొచ్చిన" అన్నాను. ఆమె నవ్వుతూ దిగొచ్చి, నేను మంచం మీద వదిలేసిపోయిన ఫోను చూపించింది. అందులో ఆ రోజు నేను నడిచిన అడుగులు పదకొండు.

అవ్వ ఉంటే ఫోను చూసేది కాదు. నా కాళ్ళు చూసేది.