ముట్టని చేతులు

భద్రాచలం దారిలో అడవి అంచున, మా కాలనీ గోల్ఫ్ గ్రౌండులో గడ్డి కోసే ఒకామె ఉండేది. ఎవరి బంతి కనబడినా ముట్టుకునేది కాదు. చేతులు వెనక్కి కట్టుకుని దాని పక్కనే నిలబడి, "సారూ, గిది ఎవలదో చూడుండ్రి" అని కేకేసేది. పోగొట్టుకున్నవాళ్ళు వచ్చేదాకా కదిలేది కాదు. మేం నవ్వుకునేవాళ్ళం.

ఒక మే నెల పొద్దున ఆడి, నా గోల్ఫ్ స్టిక్ అక్కడే మరిచిపోయాను. మధ్యాహ్నం తిరిగొస్తే, ఆమె దాని పక్కనే ఎండలో నిలబడి ఉంది. పెదాలు పగిలిపోయాయి.

"దొరికింది ఆఫీసులో ఇచ్చేయడమే కదమ్మా ఇక్కడి పద్ధతి?"

"మా ఆయన గట్లనే ఇయ్యబోయిండు సారూ. తుప్పలల్ల దొరికిన స్టిక్ పట్టుకొని ఆఫీసుకు పోతుంటే, దొంగవని గేటుకాడ కొట్టిండ్రు. నెలదినాలు దవాఖానల ఉన్నడు. మల్ల ఇంటికి రాలే."

చేతులు అలాగే వెనక ఉన్నాయి. నేనే వంగి స్టిక్ తీసుకున్నాను.

రెండేళ్ళ కింద ఇదే స్టిక్ పోయింది. ఎవడో ఎత్తుకుపోయాడు, గేటు దగ్గర పట్టుకోండని సెక్యూరిటీకి ఫోన్ చేసింది నేనే. సాయంత్రానికల్లా దొరికిందని తుడిచి తెచ్చిచ్చారు. ఎట్లా దొరికిందని నేను అడగలేదు.